కాపరికి తోడు

ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత మన పల్లెలలో రెండవ ఆరాధన యొకటి ప్రారంభమగును. దానికి గంట మ్రోగదు, కీర్తన పాడువారుండరు, కానుకల సంచి తిరుగదు. అయినను హాజరు మాత్రము మొదటిదానికంటె తక్కువగా నుండదు. మందిరపు గుమ్మము దాటి, గుట్టగా పడియున్న చెప్పులలో తమవి వెదకికొని, వేపచెట్టు నీడకు చేరినది మొదలు, మధ్యాహ్నభోజనమైన పిదప అరుగులమీద నడుము వాల్చువరకు, నాటి ప్రసంగము మితిమీరి సాగినదా, పాస్టరుగారు ఫలానా మాటను ఎవరిని మనస్సున పెట్టుకొని పలికినారు, గడచిన వారమున ఎవరి యింట కుటుంబప్రార్థన చేసి ఎవరి యింటి గడప త్రొక్కకపోయినారు, అమ్మగారి చేతిసంచి క్రొత్తదా పాతదా యను ప్రశ్నలన్నియు సాంగోపాంగముగా విచారణకు వచ్చును. విచారించువారు దుర్మార్గులు కారు. వారిలో పెక్కుమంది సంఘమునకు పరిచారకులు, కార్యదర్శులు, కోశాధికారులు, సండేస్కూలు బోధకులు. క్రిస్మసునకు ముందు మందిరపు గోడలకు సున్నము వేయించినవారు, వాన కురిసినపుడు పైకెక్కి పెంకులు సర్దినవారు. పాస్టరుగారి గుణదోషములు వారికి కరతలామలకములు. అయితే ఆ ఆరు దినములలో ఆయన మోసిన బరువెంత, అందులో ఆయన మోయనక్కరలేనిదెంత యని లెక్క చూచినవారు మాత్రము ఆ వేపచెట్టు క్రింద అరుదుగా కనబడుదురు.

ఆ లెక్క చూచుట కష్టమేమియు కాదు. పాలకొండ, రాజాం, బొబ్బిలి, టెక్కలి ప్రాంతములలో పల్లెసంఘపు కాపరికి ఆదివారము ఒక ఊరితో తీరదు. ఉదయము పెద్దసంఘములో ఆరాధన, మధ్యాహ్నము మోటారుసైకిలుపై పొరుగూరి శాఖలో కూడిక, దీపాలవేళకు మరియొక పేటలో ప్రార్థన. వారము నడుమ స్త్రీల సమాజము, శుక్రవారము ఉపవాసప్రార్థన. ఇవి ఆయన పిలుపునకు సంబంధించిన పనులు. వీటికొరకే సెమినరీలో చదివినాడు. వీటిలో అలసినను ఆ అలసటలో తృప్తి కలదు. ఆయనను కృశింపజేయునవి వేరు. అర్ధరాత్రి నొప్పులు పడుచున్న కోడలికి ఆటో పిలువవలసినది ఆయనే. శ్రీకాకుళపు పెద్దాసుపత్రిలో చీటీ వ్రాయించి, రక్తమిచ్చువారిని వెదకవలసినది ఆయనే. సమాధులతోట గట్టు తగవులో తహసీల్దారు కచేరీ చుట్టు తిరుగవలసినది, ముసలివారి పింఛను దరఖాస్తులు నింపవలసినది, అన్నదమ్ముల పంపకములో పెద్దమనిషిగా కూర్చుండి ఇరుపక్షములచేతను తిట్లు తినవలసినది, మందిరపు శ్లాబునకు దిగిన సిమెంటు బస్తాలు లెక్కపెట్టవలసినది, చివరకు మైకు గొంతు పోయినచో మెకానిక్కు కొరకు పరుగెత్తవలసినది, అన్నిటికి ఆయనే. ఇవన్నియు తీరి శనివారము రాత్రి బైబిలు తెరచువేళకు ఆయనకు మిగులునది కునుకు మాత్రమే. మరునాడు ప్రసంగములో సారము లేదని వేపచెట్టు క్రింద తీర్పు వెలువడినపుడు, ఆ సారము వారమంతయు ఎక్కడెక్కడ ఖర్చయినదో చెప్పగల సాక్షులు ఆ సభలోనే యుందురు గాని, వారు నోరు మెదపరు.

కాపరికి సామాన్యవిశ్వాసులు తోడ్పడుట ఈ సీమకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. ఇచ్చటి క్రైస్తవచరిత్ర తొలిపుటలోనే అది కనబడును. 1805లో లండన్ మిషనరీ సంఘమువారైన జార్జి క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్ అను ఇరువురు యువకులు విశాఖపట్టణమున దిగిరి. వారికి భాష రాదు, ఎండ పడదు, ఎదుట సముద్రము, వెనుక ఎరుగని దేశము. 1809లో ఒకరు, 1810లో మరియొకరు కన్నుమూసిరి. ఆ కొలది సంవత్సరములలోనే సువార్తలను తెనుగు చేయు పని సాగినదన్న, అందులకు ఆనందరాయరు అను బ్రాహ్మణవిశ్వాసి వారి ప్రక్కన కూర్చుండి, పదము పదమును తూచి చెప్పుటయే ముఖ్యకారణము. ఆయన బోధకపీఠము కోరలేదు. బోధకుల నోట లేని భాష తానై నిలిచినాడు. ఆ తరువాతి తరమున ఆంధ్రోత్కళముల సరిహద్దు సీమలో సువార్త ప్రకటించిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) రచించిన కీర్తనలు పుస్తకమునకెక్కినవి సరే, అక్షరము రాని తల్లుల కంఠములకెక్కుటచేతనే అవి ఊరూర నిలిచినవి. బోధకుడు ఎప్పుడో గాని రాలేని పల్లెలో ఆ తల్లి పాడిన పాటయే ఆ వారపు ప్రసంగము.

కాకినాడ కథయు ఇట్టిదే. తంతిశాఖలో ఉద్యోగియైన థామస్ గేబ్రియల్ అను తెలుగువాడు, ఏ దేశపు మిషనును తన వెనుక లేకున్నను, సువార్తపని తలకెత్తుకొన్నాడు. 1874లో కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్లారిన్ కాకినాడ చేరునాటికి, గేబ్రియల్ కూర్చిన విశ్వాసుల సమూహము ఆయనకొరకు ఎదురుచూచుచున్నది. మిషనరీ వచ్చి సంఘమును కనుగొన్నాడే గాని, శూన్యమున సంఘమును పుట్టింపలేదు. మరుసటి సంవత్సరము కెనడా తూర్పుతీరపు బాప్టిస్టులు, శ్యామదేశములో తలపెట్టిన పని కుదురక తెనుగుసీమకు మరలి, భీమునిపట్నము, బొబ్బిలి, చికాకోలులలో క్రమముగా స్థిరపడిరి. వారి నివేదికలలోని చికాకోలే మన శ్రీకాకుళము. పడమట కొండల అంచున సాలూరు, పార్వతీపురములలో జర్మనీనుండి వచ్చిన బ్రెక్లుం మిషనువారు లూథరన్ సంఘములను నాటిరి. 1882లో సామర్లకోటలో బోధకుల శిక్షణకై సెమినరీ వెలసినది. దొరలు కొలదిమంది, ఊళ్లు అనేకము. సెమినరీలో చదివినవారును ఆ ఊళ్లకు చాలరు. చాలని చోటనెల్ల సంఘమును మోసినవారు పగలు నాగలి పట్టి, రాత్రి లాంతరు వెలిగించి ప్రార్థన నడిపిన గృహస్థులు. నేటికిని సీతంపేట కొండలలోని సవర గూడెములలో, కాపరి కాలినడకన వచ్చు దినము తక్క తక్కిన దినములలో ఆరాధన నిలుచునది అట్టివారి చేతులమీదనే.

మరి ఇంతటి వారసత్వము గలవారికి నేడు లోపమెక్కడ వచ్చినది? నాకు తోచిన కారణము చెప్పెదను. ఆ కాలమున బోధకుని జీతము చాలవరకు మిషనునుండి వచ్చెడిది. ఆయనను నియమించుట, బదిలీ చేయుట, మందలించుట దొరగారి పని. ఆయనతోకూడ ప్రార్థించి, పాడి, ఏడ్చి, నవ్వుట సంఘస్థుల పని. యజమాని ఒకచోట, స్నేహితుడు మరియొకచోట. కాలక్రమమున దొరలు వెళ్లిరి, బంగళాలు మిగిలెను, బోధకుని పోషణభారము సంఘముపై పడెను. అది న్యాయమే, గౌరవమే కూడ; తన కాపరిని తాను పోషించుకొనలేని సంఘమునకు స్వాతంత్ర్యమేల? కాని భారముతోపాటు దొరగారి కుర్చీయు మన పాలబడినది. ఆ కుర్చీలో కూర్చుండుట మనము తొందరగానే నేర్చితిమి. దానిలో కూర్చుండియు స్నేహితులుగా నుండుట నేర్వలేదు. బాప్టిస్టు పద్ధతిలో కాపరిని పిలుచునది సంఘమే, పంపివేయునదియు సంఘమే కావున, పరిచారకుల నోటిలో ఎంత బలమున్నదో వేరుగ చెప్పనక్కరలేదు.

కుర్చీలో కూర్చున్నవానికి కాపరి రెండు విధములుగా కనబడును. ఒకనికి ఆయన జీతమునకు కుదిరిన మనిషి: ఎప్పుడు లేచినాడు, ఎక్కడికి పోయినాడు, పెట్రోలెంత పోయించినాడు? మరియొకనికి ఆయన దివినుండి దిగిన పురుషుడు: ఆయన చేయి తగిలిన నీరు తీర్థము, ఆయన పలికినది దైవవాక్కు, ఆయనను ప్రశ్నించుట పాపము. మొదటివాడు కాపరికి నిద్ర లేకుండ చేయును, రెండవవాడు ఆయనకు వివేకము లేకుండ చేయును. చిత్రమేమనగా ఈ ఇరువురును తరచుగా ఒక్కడే; ఆషాఢమున పల్లకి యెత్తినవాడే కార్తికమున బదిలీ కాగితముపై సంతకములు సేకరించును. ఈ రెండు దృష్టులలోను కాపరి మనుష్యుడు కాడు, తోటిపనివాడు కాడు. తోడ్పాటు అనునది ఆయనను తోటిపనివానిగా చూచుటతో మొదలగును గాని, శాలువాతోను పూలదండతోను కాదు.

నిర్గమకాండములో రెఫీదీము యుద్ధఘట్టమును మనము బాల్యమునుండి వినియున్నాము. మోషే చేయి పైకెత్తినంతసేపు ఇశ్రాయేలీయులు గెలుచుట, చేయి దిగినపుడు అమాలేకీయులు గెలుచుట, అహరోను హూరులు చెరియొక ప్రక్కను ఆయన చేతులను ఆదుకొనుట, సంఘపెద్దల ప్రతిష్ఠారాధనలలో విననివారుండరు. అయితే ఆ ఘట్టములో ఒక చిన్నపనిని ప్రసంగీకులు దాటిపోవుదురు. చేతులు పట్టుటకు ముందు ఆ ఇరువురు ఒక రాయి తెచ్చి మోషే క్రింద వేసిరి. ఆయన దానిమీద కూర్చుండెను. ఆయన విశ్వాసమును వారు పొగడలేదు, ఓపిక పట్టుమని బోధింపలేదు, మునుపటి నాయకుడు ఇంతకంటె ఎక్కువసేపు నిలుచుండెననలేదు. నిలువలేని వానికి కూర్చుండుటకు చోటు చూచిరి. మోషే చేతిలోని దండమును తామెత్తుటకును చూడలేదు. ఆయన పని ఆయనదే, ఆ పనికి కావలసిన బలము మాత్రము తమది. ఆ రాయి నేటి మన సంఘములలో ఏమేమి కావచ్చునో ఆలోచింపదగినది.

మొట్టమొదట అది జీవనము. పాస్టరుగారి జీతమును సంఘము నిర్ణయించును. కాని దానిని మూడు విడతలుగా, అదియు అడిగించుకొని, కోశాధికారి యింటి అరుగుపై కూర్చుండబెట్టి యిచ్చు సంఘములు లేకపోలేదు. ఇంత యిచ్చియు, ఆయన భార్య సాయంకాలము నలుగురు పిల్లలకు పాఠములు చెప్పుకొన్నచో, సేవకుని యింట వ్యాపారమా యని ముక్కున వేలు వేసికొనువారున్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అను సామెత ఇట్టివారిని చూచియే పుట్టియుండును. జీతము కొంచెమైనను నిర్ణీతదినమున, ఆయన అడుగకముందే, కవరులో పెట్టి చేతికిచ్చుటలో నున్న మర్యాద, క్రిస్మసునకు పెట్టు క్రొత్తబట్టలలో లేదు. ఫిలిప్పీ సంఘమువారు ఎపఫ్రొదితుచేత పంపిన సహాయమును పౌలు అంత ఆర్ద్రముగా తలచుకొనుట ద్రవ్యపరిమాణమును బట్టి కాదు. చెరసాలలో నున్న మనిషికి దానిని చేర్చుటకై ఆ దూత చావునకు సిద్ధమగునంత జబ్బుపడినాడు గనుక.

మన స్త్రీల సమాజములు పూర్వమునుండి పాటించు పిడికెడు బియ్యపు కానుక ఈ విషయమున గొప్ప ఉదాహరణము. అన్నము వండబోవునపుడెల్ల ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరుకుండలో వేయును; వారాంతమున అది మందిరమునకు వచ్చును. ధనమును చేత పట్టని స్త్రీ, మగనిని అడుగకయే, తన అధికారములో నున్నదానినుండి దేవునికిచ్చుట అందులోని సొగసు. కాని ఆ బియ్యము పాస్టరుగారి వంటింటిలోనికి చేరినపుడు ఏమగునో చూచినవారికే తెలియును. ఒక యింటి సన్నబియ్యము, ఒక యింటి ముతకబియ్యము, ఒక యింటి కోటా బియ్యము, పాతవి క్రొత్తవి కలిసిన ఆ మూట ఎసటిలో పడినచో, సగము మెత్తనై ముద్దకట్టును, సగము పలుకుగనే నిలుచును. అమ్మగారు చేటలో చెరిగి, రాళ్లేరి, కిక్కురుమనక వండిపెట్టును. ఒక పల్లెలో స్త్రీల సమాజపు పెద్దమ్మ యొకతె ఈ సంగతి కనిపెట్టి, ఎవరితోను చర్చింపక, వచ్చిన బియ్యమంతటిని కూడికలోనే వేలము వేయించి, ఆ సొమ్ముతో ఒక్క రకపు బియ్యపు బస్తా కొని పాస్టరుగారి యింటికి పంపించుట మొదలుపెట్టినది. కానుక తగ్గలేదు, ఆచారము చెడలేదు. తినువారి విస్తరి మాత్రము మారినది. తోడ్పాటునకు కావలసినది ఔదార్యము కంటె ఎక్కువగా ఇట్టి కనిపెట్టుచూపు.

రెండవది పని పంచుకొనుట. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో యెరూషలేము సంఘములో పుట్టిన తొలి తగవు సిద్ధాంతమును గూర్చినది కాదు, అన్నమును గూర్చినది. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూచుచున్నారని గ్రీకుభాష మాటలాడు యూదులు సణిగిరి. అపొస్తలులు వాక్యమును విడిచి బల్లలయొద్ద నిలుచుట తగదని చెప్పి, మంచిపేరు గల ఏడుగురిని ఏర్పరచుకొమ్మనిరి. ఏర్పడినవారి పేర్లను చదివినచో అన్నియు గ్రీకు పేర్లే. అనగా ఏ పక్షము సణిగినదో ఆ పక్షమువారి చేతికే గరిటె యిచ్చిరి. లెక్కలమీద అనుమానమున్నవాని చేతికే లెక్కపుస్తకము నప్పగించినచో సంఘములోని సణుగుడులో సగము చల్లబడునని మనము రెండువేల యేండ్లుగా చదువుచునే యున్నాము; పుస్తకమును మాత్రము బీరువాలో పెట్టి తాళము మన మొలత్రాటికి కట్టుకొందుము. పాస్టరుగారు ద్రవ్యమును ముట్టనవసరము లేకుండ, రసీదులు, బ్యాంకు ఖాతా, నెలసరి జమాఖర్చు, సంవత్సరాంతపు తనిఖీ గృహస్థులే చూచుకొనుట ఆయనకు చేయు మహోపకారము; సొమ్ము చేతిలో లేనివానిమీద సొమ్మునుగూర్చిన నింద నిలువదు.

పనియంతయు ఒకని తలపై పెట్టి సంఘము చేతులూపుకొనుచు నడచుట, కావడిలో ఒక తట్టు మాత్రమే బరువు వేసి నడువుమనుట వంటిది. మోయువాడు బలశాలియే కావచ్చును, తూకము తప్పిన కావడి నాలుగడుగులు సాగదు. ఈ తూకమెరిగిన పరిచారకుడొకడు నాకు పరిచితుడు. పంచాయతీబడిలో పంతులుగా చేసి విరమించినవాడు. శనివారము సాయంకాలము నాలుగు గంటలకెల్ల పాస్టరుగారి యింటి వసారాలో ప్లాస్టిక్కు కుర్చీ వేసికొని, భుజముపై తువాలు, చేతిలో పొడుగాటి నోటుపుస్తకము, దారముతో చెవికి కట్టిన కండ్లద్దములతో కూర్చుండును. ఎవరేపనిమీద వచ్చినను ఆయన దాటి లోపలికి పోలేరు. “అయ్యగారు రేపటికి వాక్యం సూసుకుంతన్నారు. నీ పనేటో నాకు సెప్పు” అనును. వచ్చినవాడు మొదట ముఖము ముడుచుకొనును, పిదప చెప్పును. అది ఆధారు కార్డు పనియో, దూడ తప్పిపోయిన సంగతియో, అత్తాకోడండ్ర రగడయో యగును. ఆయన పుస్తకములో వ్రాసికొని, చాలవరకు అక్కడికక్కడే తీర్చి పంపును. చావునకు సిద్ధముగా నున్న మనిషికడకు పిలుపు వచ్చినపుడు మాత్రము తానే లేచి తలుపు తట్టును. ఏ పని తనది, ఏ పని అయ్యగారిది యను ఆ వివేకమే ఆయన పరిచర్య. ఆ సంఘములో ఆదివారపు ప్రసంగమునుగూర్చి వేపచెట్టు క్రింద ఫిర్యాదు వినబడదనిన, దానిలో సగము కీర్తి ఆ ప్లాస్టిక్కు కుర్చీకి చెందవలెను.

మూడవది మాట. కాపరి తప్పు చెప్పినపుడు ఏమి చేయవలెనో అకుల ప్రిస్కిల్లలు చూపిరి. డేరాలు కుట్టి జీవించు ఆ దంపతులు సమాజమందిరములో అపొల్లో చేసిన ప్రసంగమును వినిరి. ఆయన మహావాగ్మి, లేఖనములయందు ప్రవీణుడు, అయినను ఆయనకు తెలియని సంగతి యొకటి మిగిలియుండెను. వారు సభలో లేచి సవరింపలేదు, బయట నలుగురిని కూర్చి నవ్వలేదు. తమ యింటికి చేర్చుకొని దేవుని మార్గమును మరింత పూర్తిగా విశదపరచిరి. దిద్దినవారిలో ఒక స్త్రీ యున్నదనుట, దిద్దబడినవాడు విద్వాంసుడనుట, ఇరువురును దానిని చిన్నతనముగా తలపలేదనుట గమనింపదగినవి. పాస్టరుగారి యెదుట అనదగిన మాటను ఆయన వెనుక అనకుండుట, వెనుక వినబడిన మాటను అక్కడనే అడ్డుకొనుట, ఈ రెండును చేయగల పెద్ద ఒక్కడున్నచో ఆ సంఘమునకు సగము జబ్బులు రావు.

ఇచ్చట ఒక సంగతి స్పష్టముగా చెప్పుకొనవలెను. తోడ్పాటనగా కప్పిపుచ్చుట కాదు. తిమోతికి వ్రాయుచు పౌలు, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేక పెద్దమీద దోషారోపణ అంగీకరింపవద్దని చెప్పినాడు. ఆ వెంటనే, పాపము చేసినవారిని అందరియెదుట గద్దింపుమనియు చెప్పినాడు. మనము మన అవసరమును బట్టి ఒక వాక్యము చదివి రెండవదానిపై చేయి పెట్టుకొందుము. సంఘపు సొమ్ము కాజేసినవానిని, ఆడపిల్లల యెడ అనుచితముగా ప్రవర్తించినవానిని సంఘము పరువు పేరిట దాచు పెద్ద కాపరికి గాని మందకు గాని హితుడు కాడు. అట్టిచోట న్యాయస్థానమునకు పోవుటయే సంఘసేవ. పుకారును ఆపవలసిన నోరే నిజమును పలుకవలెను.

నాలుగవది ఆయన యిల్లు. పాస్టరుగారి యింటికి తలుపున్నను గడియ లేదని మనవారి యభిప్రాయము. వేళకానివేళ వచ్చిన పదిమందికి టీ కాచుట, కన్వెన్షనుకు వచ్చిన ప్రసంగీకునికి వండిపెట్టుట, స్త్రీల సమాజమును నడుపుట, ఇవన్నియు అమ్మగారి ధర్మములు. ఏ పద్దులోను ఆమెకు జీతము లేదు. పిల్లలు ఆటస్థలములో తిట్టుకొన్నను, పరీక్షలో తప్పినను, అది ఊరంతటికిని ఉపాఖ్యానము. తక్కిన పిల్లలకున్న తప్పు చేయు స్వాతంత్ర్యమును పాస్టరుగారి పిల్లలకును ఇచ్చుట సంఘపెద్దలు చేయగల సులభమైన, ఖర్చులేని సహాయము.

ఆయనకు విశ్రాంతియు కావలెను. కర్మెలు కొండమీద అంతటి విజయము పొందిన ఏలీయా మరికొలది దినములకే బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక చాలు, ప్రాణము తీసికొమ్మని దేవుని వేడుకొనెను. అప్పుడు వచ్చిన దూత ఆయనకు ధైర్యవాక్యములు చెప్పలేదు. రొట్టె, నీళ్లు పెట్టి, తినుమనెను. తిని మరల నిద్రించుటకు విడిచెను. రెండవమారును వచ్చి తినుమనెను. ఏటికొకమారైనను పాస్టరుగారికి కుటుంబముతోకూడ కొన్ని దినములు సెలవిచ్చి, ఆ ఆదివారములలో ఆరాధనను గృహస్థులే నడుపుకొన్నచో మందిరము కూలిపోదు. మందిరమును తమకంటె ఎక్కువగా ఆయన మోయుచుండెనని మాత్రము తెలిసివచ్చును.

అన్నిటికంటె అరుదైనది స్నేహము. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు పాశ్చాత్య మిషనరీలను, త్యాగముతోపాటు స్నేహమును కూడ ఇమ్మని నిండుసభలో అడిగినారు. రెండేండ్లకు, 1912లో, ఆయన మన తెనుగుదేశపు దోర్నకల్‌కు బిషప్పయి, ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషప్పుగా నిలిచినారు. నాడు దొరలయెదుట భారతీయ సేవకుడు అడిగినదానిని నేడు మనయెదుట మన కాపరి అడుగవలసిన స్థితి రాకూడదు. ఆయన యింటికి పనిలేకుండ పోవుట, సంఘవిషయము ఎత్తకుండ గంటసేపు పంటలనుగూర్చి, పిల్లల చదువులనుగూర్చి మాటలాడుట, ఆయనకొరకు ప్రార్థించునపుడు ఆయన సేవకొరకే గాక ఆయన నడుమునొప్పికొరకును ప్రార్థించుట, ఇవి ఏ రాజ్యాంగములోను వ్రాయబడని విధులు.

అయితే చేతులు పట్టువారికొక ప్రమాదమున్నది. పట్టిన చేతిని తమదే యనుకొందురు. రెఫీదీములో మోషే చేయి ఎత్తిపట్టిన అహరోనే, మోషే కొండమీద ఆలస్యము చేయగా, జనుల యొత్తిడికి లొంగి బంగారుదూడను పోతపోసినాడు. ఆ అహరోనే మరల హజేరోతులో మిర్యాముతో కూడి మోషేకు విరోధముగా మాటలాడినాడు. ఆ మాట మొదలైనది మోషే భార్యనుగూర్చి, ముగిసినది యెహోవా మోషేచేత మాత్రమే పలికెనా యను ప్రశ్నతో. అమ్మగారి చేతిసంచినుండి పాస్టరుగారి అధికారమువరకు మన వేపచెట్టు క్రింది సంభాషణ నడచు త్రోవ సరిగా ఇదియే. మరి మోషేకు మామ యిత్రో ఇంకొక తీరువాడు. దినమంతయు మౌనముగా కూర్చుండి అల్లుని న్యాయవిచారణ చూచి, నీవు చేయునది మంచిది కాదని ముఖముమీద చెప్పి, వేయిమందికి, వందమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతుల నేర్పరచుమని ఉపాయము చెప్పినాడు. పిమ్మట తన దేశమునకు తాను వెళ్లినాడు. సలహా అమలగుచున్నదా లేదా యని గుడారము వేసికొని కూర్చుండలేదు, నా మాటచేతనే పని సాగుచున్నదని ఎవరితోను చెప్పుకొనలేదు. సాయము చేసినవాడు సాయము చేసిన చోటినుండి లేచిపోగలుగుట గొప్ప విద్య. ముప్పది యేండ్లుగా కోశాధికారి పదవిని విడువని పెద్దలకు ఈ అధ్యాయమును చదివి వినిపించుట అవసరము.

నేటి కాలము ఈ అవసరమును ఇంకను పెంచినది. మన పల్లెలలో పనిచేయు వయస్సువారు విశాఖపట్నమునకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు కట్టడపు పనులకై వలసపోవుచున్నారు. సంక్రాంతికి నిండిన మందిరము మాఘమాసమునకు ముసలివారితోను పిల్లలతోను మిగులుచున్నది. కానుక తగ్గును, చేతులు తగ్గును, కాపరి బరువు మాత్రము తగ్గదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరమును దున్నిపోయినపుడు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగెను, పైకప్పులు ఎగిరిపోయెను. అట్టి దినములలో కాపరి తన యింటి కప్పు చూచుకొనుటకు ముందు ఇరువది యిండ్ల కప్పులు చూడవలెను. ఆయన కప్పు ఎవరు చూచిరను ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగల సంఘము ధన్యము. వలసపోయినవారును నెలకింత యని ఫోనుద్వారా పంపుచు, సంవత్సరమునకొక వారము వచ్చి మందిరపు పని చేయగలరు. దూరము సాకు కాదు.

పాస్టర్లు వచ్చుచుందురు, పోవుచుందురు. మూడేండ్లకో అయిదేండ్లకో సామాను లారీకెక్కును. సంఘము మాత్రము నిలిచియుండును. కావున తోడ్పడు అలవాటు ఏ యొక్క కాపరి గుణమునకు ప్రతిఫలము కాదు, సంఘపు ఆస్తి. మందిరపు స్థలమువలెనే అది వచ్చు తరమునకు సంక్రమించును. ఒక సంఘపు మంచిచెడ్డలు తెలియవలెనన్న, సెమినరీనుండి వచ్చిన యువకుడు అయిదేండ్లు అందులో పనిచేసిన పిదప ఎట్లున్నాడో చూడవలెను: ఇంకను చదువుచున్నాడా, నవ్వుచున్నాడా, పెద్దలయెదుట భయము లేకుండ మాటలాడుచున్నాడా? ఆ మూడును ఆయనలో నిలిచియున్నచో ఆ సంఘపెద్దలను మెచ్చుకొనవచ్చును. కావున వచ్చు నెల కమిటీ కూడినపుడు, ఈ నెలలో పాస్టరుగారు ఏమి చేసినారను పద్దును రెండవదిగా పెట్టి, ఆయన చేయుచున్న పనులలో మనలో ఎవరు దేనిని ఎత్తుకొందురు అను పద్దును మొదట పెట్టుడు. ప్రతి పనికి ఎదురుగా ఒక పేరు వ్రాసి, మినిట్సు పుస్తకములో సంతకములు చేయుడు. ఆ సభకు పాస్టరుగారిని పిలువకున్నను నష్టము లేదు. ఆ సాయంకాలము ఆయనను ఇంటియొద్ద తన పిల్లలతో ఆడుకొననిండు.